తలుపు చాటున ఐక్యూ

నా తెలివితేటల్ని కొలవడానికి వచ్చిన ఒక పిల్లని కెమెరా ముందే కన్నీళ్ళదాకా తీసుకెళ్ళిన ఘనుణ్ణి నేను. ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఆవిడ ఎలాగూ ఇంకా ఆపలేదు.

మేం ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఉంటాం. పద్మ హాస్పిటల్లో నర్సు. నేను ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మా వెనక వీధిలో ఉండే శిరీష ఇక్కడి యూనివర్సిటీలో సైకాలజీ మాస్టర్స్ చదువుతోంది. ఓ రోజు మా ఇంట్లో భోజనం చేస్తూ అడిగింది.

"అంకుల్, నాకు ఇంటెలిజెన్స్ టెస్ట్ ప్రాక్టీస్‌కి ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఆంటీ, మీరు కూర్చుంటారా?"

"దానికేం, కూర్చుంటాం" అంది పద్మ, నా తరఫున కూడా.

నేను చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. ఎందుకో చెప్పాలి. తెనాలిలో మా కాలేజీలో మార్కుల్ని బట్టి సెక్షన్లు ఉండేవి. నాది డి. ఇ సెక్షన్ లేదు కాబట్టి డి. పద్మ చదువుకున్నంత కాలం క్లాస్ ఫస్ట్. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ డి గురించి ఆవిడ దగ్గర నోరు విప్పలేదు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, నా భోజనాల బల్ల దగ్గరే, ఆ రహస్యం బయటపడబోతోంది.

"అసలు తెలివిని ఎలా కొలుస్తారమ్మా?" అన్నాను, ఏదో కుతూహలంతో అడిగినట్టు.

"తెలివంటే ఒక్కటే కాదు కదా అంకుల్. మాటల అర్థం, బొమ్మల్లో పద్ధతి పట్టుకోవడం, విన్నది కాసేపు మనసులో నిలబెట్టుకోవడం, వేగం, ఇలా విడివిడిగా చూస్తాం. తర్వాత మీ వయసువాళ్ళతో పోలుస్తాం. వంద వస్తే యావరేజ్."

"వంద వస్తే యావరేజా? మా ఇంట్లో నలభై వస్తే పాయసం చేసేవాళ్ళు!"

"వందకి వంద కాదు అంకుల్, అది వేరే లెక్క. అయినా ప్రాక్టీస్ టెస్టు కాబట్టి మీ స్కోరు ఎవరికీ చెప్పను, మీకు కూడా."

చెప్పకపోతే మాత్రం? ఆ పిల్లకి తెలుస్తుంది కదా. రేపట్నుంచి నేను పప్పు వడ్డించినప్పుడల్లా 'పాపం, ఎనభై రెండు' అన్నట్టు చూస్తుంది కదా!

శనివారం పద్మ వంతు, ఆదివారం నాది. ఆ వారమంతా నేను బుర్రకి బలమని బాదంపప్పులు నమిలాను, చేపలు తిన్నాను, రాత్రిళ్ళు పక్కమీద ఎడ్ల బండి చక్రంలా దొర్లాను. శనివారం మధ్యాహ్నం పద్మా, శిరీషా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను లాన్ కొయ్యాలి. కొయ్యలేదు. ఉతికిన బట్టల బుట్ట ఒకటి చేతిలో పట్టుకుని తలుపుకి చెవి ఆనించాను. బుట్ట ఎందుకంటారా? ఎవరైనా తలుపు తీస్తే బట్టలు మడత పెడుతున్నట్టు కనపడాలిగా.

లోపల శిరీష వరసగా అంకెలు చెప్తోంది, పద్మ తిరిగి చెప్తోంది. తర్వాత పదాల అర్థాలు. తర్వాత చెక్క ముక్కలు టకటకమన్న చప్పుడు. అది వింటే ఏం తెలుస్తుంది? మిగతావన్నీ బుర్రకెక్కించుకున్నాను. రాస్తే పద్మ కంటపడుతుందని రాయలేదు. స్నానంలో, అన్నం తింటూ, కలలో కూడా అవే అంకెలు జపించాను.

ఆదివారం వచ్చింది. శిరీష చిన్న కెమెరా పెట్టింది.

"మంగళవారం మా సూపర్వైజర్‌కి ఈ వీడియో ఇవ్వాలి అంకుల్. నేను టెస్టు సరిగ్గా చేయిస్తున్నానో లేదో చూస్తారు. రిలాక్స్ అవ్వండి. నేను కొన్ని నంబర్లు చెప్తాను, పూర్తయ్యాక తిరిగి చెప్పండి. ఫైవ్, నైన్..."

"ఫైవ్, నైన్, టూ, సెవెన్, ఫోర్, వన్!"

శిరీష ఆగిపోయింది. "అంకుల్, నేను రెండే చెప్పాను."

"అవునా? మిగతావి... నా తరఫున."

ఆ పిల్ల కెమెరా వైపు ఓసారి చూసి, గొంతు సర్దుకుని, తర్వాతి భాగానికి వెళ్ళింది. "రెండు వస్తువులు చెప్తాను, పోలిక ఏంటో చెప్పండి. బోట్..."

"బోత్ ఆర్ వెహికిల్స్!"

"రెండోది ఇంకా చెప్పలేదు అంకుల్."

ఇక్కడైనా ఆగాలి కదా? ఆగలేదు. భయంలో ఉన్న మనిషికి నోరే ముందు నడుస్తుంది.

"హెసిటెంట్ అంటే ఏంటి?" అంది శిరీష.

ఈ మాట నాకు నిజంగానే తెలుసు. రోజూ ఆఫీసు మీటింగుల్లో వాడతాను. కానీ క్లాస్ ఫస్ట్ పద్మ తలుపు అవతల చెప్పిన జవాబు నా జవాబుకన్నా గొప్పది కదా. ఠీవిగా అన్నాను. "వన్ వీలింగ్."

"ఏంటి అంకుల్?"

"వన్ వీలింగ్. అంటే... మనసు ఒకే చక్రం మీద నిలబడి, ఎటు పడాలో తెలియక ఊగుతూ ఉంటుంది చూడు, అలా."

శిరీష మొహం తెల్లబడింది. "ఆంటీ అన్‌విల్లింగ్ అన్నారు" అంది నెమ్మదిగా. "మీరు నిన్న విన్నారా?"

నేను తలొంచుకున్నాను. ఆ పిల్ల కెమెరా ఆపేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ముందే తెలిసిన ప్రశ్నలతో ఏమీ కొలవలేం అంకుల్. ఈ వీడియో పనికిరాదు. ఇప్పటికిప్పుడు ఇంకో మనిషిని ఎక్కడ పట్టుకోను?"

అప్పటిదాకా నా భయం నా గురించే. ఆ మాటతో ఆ పిల్ల సెమిస్టర్ గురించి పట్టుకుంది. కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి గ్రెగ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు కాలుస్తున్నాడు. సంగతి విని, "టెస్టా? స్కూల్లో ఒక్కటీ పాసవ్వలేదు మేట్, ఇప్పుడు చూద్దాం" అని చేతులు కడుక్కుని వచ్చేశాడు.

గదిలోంచి ఆయన గొంతు హాల్లోకి వినపడుతోంది. (నేను హాల్లోనే ఉన్నాను, నమ్మండి. పద్మ కాపలా.) జవాబు రాకపోతే "నో ఐడియా, లవ్. నెక్స్ట్!" అంటున్నాడు, సాస్ కావాలా అని అడిగినంత తేలిగ్గా. రాదు అని చెప్పడం అంత సుళువని నాకు ఏ సెక్షన్లోనూ నేర్పలేదు.

శిరీష గండం గట్టెక్కింది. ఓ పది రోజులకి స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చింది. "పాసయ్యాను ఆంటీ!" అని, నా వైపు తిరిగింది.

"అంకుల్, ఒకటి అడగనా? తలుపు అవతలనుంచి ఒక్కసారి విని, రాసుకోకుండా, అన్ని అంకెలూ మర్నాటిదాకా ఎలా గుర్తుపెట్టుకున్నారు?"

"ఏదో... అలా వచ్చేసింది."

"మామూలుగా కూర్చుని చేసుంటే చాలా బాగా చేసేవారేమో!"

నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. గర్వంగా పద్మ వైపు చూశాను. పద్మ స్వీట్ బాక్స్ మూత తీస్తూ అంది.

"బాగా చేయగలిగిన పరీక్షకి కూడా కాపీ కొట్టినవాడికి ఎంత స్కోరు వేస్తారమ్మా మీ లెక్కలో?"

శిరీష నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది.

కాబట్టి, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. ఇకమీదట ఈ జన్మలో నా తెలివిని ఎవరైనా కొలవాలనుకుంటే బుద్ధిగా కుర్చీలో కూర్చుంటాను. రానిదాన్ని రాదంటాను. లోపల పద్మ ఉన్న ఏ గది తలుపుకీ చెవి ఆనించను. ఒకవేళ ఆనించాల్సి వస్తే, ముందుగా చెవుల్లో గుబిలి తీయించుకుంటాను.