వంతెన ఎక్కని బండి

ఐసు దిమ్మలు చేపల మార్కెట్టుకు తోలుతుంది కాబట్టి అందరూ ఆమెను ఐసక్క అనేవారు. మనిషి మాత్రం నిప్పు.

కొత్త మోడల్ డీజిల్ పికప్ బజారులోకి వచ్చీ రాగానే కొనేసింది. "మొదటి ఏడాది బండి కొనకక్కా. దాని జబ్బులేంటో చేసినవాళ్ళకే తెలీవు. మలి ఏడాదికి సర్దుతారు, అప్పుడు కొనుక్కో," అని మెకానిక్ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. వినలేదు. పాత బండి తలుపుకు తాడు కట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతుంది? పైగా ఎవరైనా వద్దంటే ఆమెకు అదే కావాలి.

మెకానిక్ నాలిక మీద మచ్చ ఉన్నట్టుంది. కొత్త వాసన పోకముందే బండి మొరాయించడం మొదలుపెట్టింది. లోడుతో వంతెన ఎక్కుతుంటే నల్లటి పొగ కక్కి, దగ్గి, ఆగిపోయేది. షోరూమ్‌కి తీసుకెళ్తే కడిగి, తుడిచి పంపేవారు. మళ్ళీ వంతెన, మళ్ళీ దగ్గు.

"బండిలో లోపం లేదమ్మా, నడపడంలో ఉంది. ఆడవాళ్ళు క్లచ్ మీంచి కాలు తియ్యరు కదా," అన్నాడు మేనేజరు నవ్వుతూ.

ఆ పూట అన్నాల దగ్గర ఐసక్క ఆ మాట చెప్పింది. సంగతి విన్న అత్తగారు కంచం పక్కకు నెట్టేసింది. "నా కోడలికి నడపడం రాదనడానికి వాడెవడే? అనాలంటే నేను లేనూ! రేపు నేనూ వస్తా."

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. వెనక నిండా ఐసు. సరిగ్గా వంతెన మీద బండి చతికిలబడింది.

"ఇప్పుడు మార్కెట్టుకు ఎలా వెళ్తామే?"

"మార్కెట్టుకు కాదత్తా, షోరూమ్‌కి."

అటుగా వచ్చిన లారీకి తాడు కట్టించి లాక్కెళ్ళి, షోరూమ్ గేటుకు అడ్డంగా నిలబెట్టింది. ఎండెక్కింది. ఐసు నీళ్ళు గేటు దాటి, మెట్లు దిగి, అద్దంలాంటి నేల మీద పారాయి. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలువు నాయనా, చల్లగా ఐసు పెడదాం," అంది అత్తగారు, సీట్లోంచి కదలకుండా.

ఐసక్క తాళాలు అతని చేతిలో పెట్టింది. "క్లచ్ మీద కాలు పెట్టకుండా నువ్వే వంతెన ఎక్కించు. ఎక్కిస్తే నా నోరు మూసుకుంటా."

సర్వీసుకొచ్చిన పూలకుండీల వ్యాపారి ఒకడు ముందుకొచ్చాడు. "నాదీ ఆ మోడలే, నాదీ అదే దగ్గు. ఎక్కించండి సార్, చూద్దాం."

పదిమందిలో వెనక్కి తగ్గలేక మేనేజరు స్టీరింగ్ పట్టాడు. చల్లారిన బండి బుద్ధిగానే స్టార్టయింది. కరగ్గా మిగిలిన ఐసు బరువుకే వంతెన సగంలో మాత్రం నల్లగా ఊది ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతుంటే అతని చొక్కా తడిసి ముద్దయింది. అత్తగారు కొంగుతో విసిరింది పాపం.

తర్వాత కంపెనీ మనిషి దిగొచ్చాడు. తొలి బండ్లకు వేసిన డీజిల్ పంపు బలహీనమని ఒప్పుకోక తప్పలేదు. ఐసక్క బండికీ, కుండీల వ్యాపారి బండికీ గట్టి పంపు ఉచితంగా బిగించారు. ఆనాటి ఐసు మాత్రం నీళ్ళపాలే. చేపలవాళ్ళు నాలుగు తిట్లు తిట్టారు, ఆమె పడింది.

"ఇంత రచ్చ ఎందుకమ్మా? గుట్టుగా బండిని ఎవరికైనా అంటగట్టేస్తే పోయేది," అన్నాడు ఒక చేపల వ్యాపారి.

"తప్పు వాళ్ళది. సిగ్గుపడి దాక్కోవాల్సింది నేనా?" అంటూ ఐసక్క బండిలోంచి ఐసు దిమ్మను కిందికి దొర్లించింది.