చెల్లెలికి తెలిసిన నా సంగతి

నాకున్న సమస్య పేరు నేను మొదటిసారి విన్నది నా చెల్లెలి నోటి నుంచి. అది కూడా నాతో చెప్పలేదు. ఎల్బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టరమ్మతో చెప్పింది. నేను పక్క కుర్చీలో ఉన్నాను.

చెల్లెలికి అప్పుడు మూడో నెల. వాళ్లాయన ఊళ్లో లేడని నన్ను తోడు రమ్మంది. ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో వచ్చిన సమస్యలున్నాయా అని డాక్టరమ్మ అడిగింది.

"అక్కా, జర బయట కూసుంటవా?" అంది చెల్లెలు.

"ఎందుకే?"

నేను లేవలేదు. అది బల్ల వైపు చూస్తూ, "మా అక్కకు టర్నర్ సిండ్రోమ్ ఉంది మేడం. నా బిడ్డకు గూడ వస్తదా?" అని అడిగింది.

నా మొహం చూడగానే డాక్టరమ్మకు సంగతి అర్థమైంది. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. మామూలుగా ఆడపిల్లలకు రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయట. ఈ సమస్య ఉన్నవాళ్లలో రెండోది ఉండదు, లేదా కొంతే ఉంటుంది. అందుకే ఎత్తు పెరగరు, అండాశయాలు సరిగా పనిచేయవు. సాధారణంగా ఇది కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి వచ్చేది కాదు, ఎవరి తప్పూ లేదు అంది. చెల్లెలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"గుండె పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారమ్మా? ఇందులో గుండెను గమనిస్తూ ఉండాలి" అంది డాక్టరమ్మ నాతో.

ఎప్పుడూ చేయించుకోలేదు. చేయించుకోవాలని కూడా నాకు తెలియదు.

నాకు పదిహేనేళ్లు వచ్చినా నెలసరి రాలేదని అమ్మా నాన్నా పరీక్షలు చేయించారు. ఫలితం చెప్పే రోజు నన్ను బయట కూర్చోబెట్టి వాళ్లిద్దరే లోపలికి వెళ్లారు. హార్మోన్లు తక్కువ, గోళీలు వేసుకుంటే అంతా సర్దుకుంటుంది అన్నారు. గోళీలతో నెలసరి వచ్చింది. నేను నమ్మాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలి పెళ్లికి చీరలు కొంటున్నప్పుడు, నాకు కూతురు పుడితే ఇలాంటి రంగే కొంటానని అన్నాను. "నీ బిడ్డను ముందు నేనే ఎత్తుకుంట" అంది చెల్లెలు, నవ్వుతూ. అప్పటికే దానికి తెలుసు.

ఆసుపత్రి నుంచి ఆటోలో కొత్తపేటలోని మా ఇంటికి వచ్చాం. ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

అమ్మ చెల్లెలి మొహం చూసి గ్రహించింది. "చెప్తే ఏం జేస్తవ్ బిడ్డా? ఏడుస్తవ్. ఏడ్వని రోజులు నాలుగు ఎక్కువుండనీ అనుకున్న."

"మరి దానికెందుకు చెప్పినవ్?"

"మేం పోయినంక నిన్నెవరు జూస్తరు? అదే గద చూడాలె."

ఉద్యోగం చేస్తున్న దాన్ని, చెల్లెలికంటే పెద్దదాన్ని, నన్ను ఒకరికి అప్పగించేశారు. ఆ మాట జబ్బు పేరుకంటే ఎక్కువ తగిలింది. పిల్లలు పుట్టరని ఏడ్వడానికి తర్వాత చాలా రోజులు దొరికాయి. ఆ రోజు మాత్రం, చెల్లెలితో ఒకే మంచం మీద పడుకుని నా భయాలన్నీ, ముందే అన్నీ తెలిసిన మనిషికి చెప్పుకున్నానే అని ఏడ్చాను.

గుండె పరీక్షకు ఒక్కదాన్నే వెళ్లాను. ఒక కవాటంలో మూడు రేకులకు బదులు రెండే ఉన్నాయట. ఇప్పటికి భయం లేదు, క్రమం తప్పకుండా చూపించుకోవాలి అన్నారు.

చెల్లెలికి కొడుకు పుట్టాడు. వాణ్ని ఎత్తుకున్నాను, ముద్దు చేశాను. మొన్న వాడికి స్నానం చేయించి ఇస్తుంటే అది అడిగింది, "ఇంకా కోపమేనా అక్కా?"

"కోపం లేదే. ఇదివరకు నీతోని ఏదొస్తే అది మాట్లాడేదాన్ని. ఇప్పుడు ముందు ఆలోచించుకుంటున్న."

అది తువ్వాలు అందుకుని పిల్లాడి తల తుడిచింది.