నేల అన్నయ్యది, చెట్టు చెల్లెలిది

షార్జాలో నేను లెక్కలు చెప్పిన బడిలో అరబిక్ చెప్పే లోకల్ అరబ్బు అమ్మాయి ఒకామె ఉండేది. వయసులో నాకంటే చాలా చిన్నది. తన కారులో తను వచ్చేది. నేను రోలా సెంటర్లో బస్సు కోసం చెమటలు కక్కుతూ నిలబడేదాన్ని. అయినా ఆ కారును చూసి నేనెప్పుడూ కుళ్లుకోలేదు. ఆ ఊరి నిండా కార్లే, అన్నిటికీ కుళ్లుకుంటూ కూర్చుంటే ఇక వంటెప్పుడు చేసుకోను? నన్ను కాల్చింది వేరే సంగతి.

అది రెండువేల ఆరు, వేసవి. నాన్న పోయాక ఊళ్లో మామిడితోటను ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మాలని మా తమ్ముడు బేరం కుదుర్చుకున్నాడు. నా భాగం వదులుకుంటున్నట్టు కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపమని కాగితం కొరియర్ చేశాడు. పెట్టేద్దామనే అనుకున్నాను. తమ్ముడే కదా అని మా ఆయన కూడా అన్నాడు. తన చెల్లెలి వాటా దగ్గర ఈ ఉదారత ఎటు పోయిందని అడిగితే టీవీ సౌండు పెంచాడు.

ఆ వారమే ఆ అమ్మాయి మమ్మల్నిద్దరినీ వాళ్ల ఊరు తీసుకెళ్లింది. ఒమన్ సరిహద్దు కొండల్లో చిన్న ఊరు, ఊరి నెత్తిన మట్టికోట. కొండల అవతలి నుంచి ఎవరొస్తున్నారో కనిపెట్టడానికి ఒకప్పుడు కట్టారట. దానికి కాపలాగా వచ్చి, కింద మొట్టమొదట ఇళ్లు వేసుకున్న కుటుంబాల్లో వాళ్లదొకటి. కాపలాకు బదులుగా నేల, కాలువలో నీటి వంతు ఇచ్చారట. ఇదంతా ఆమె చెప్పుల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. మా ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందని అడిగితే మా నాన్న తల గోక్కునేవాడు. తేలిగ్గా చెప్పగలగడం కూడా ఒక ఆస్తే.

ఖర్జూరాలు కోతకు రాకముందు వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆమె పెదనాన్న పాత కాగితాలున్న తోలుసంచి చంకన పెట్టుకుని తోటంతా తిరుగుతాడు. చెట్టు చెట్టు దగ్గరా ఆగి, అది ఎవరిదో పైకి చదువుతాడు. ఆ మనిషి వచ్చి మానుమీద చెయ్యి వేయాలి. ఎవరూ రాకపోతే ఆ ఏడు దాని పళ్లు మసీదుకు పోతాయి. అందుకే నడవలేని ముసలమ్మల్ని కూడా కుర్చీలతో సహా మోసుకొచ్చారు. మా మేనత్తను ఆస్తి పంపకాల రోజున వంటింట్లోంచి ఇవతలికి రానివ్వలేదు, వచ్చినవాళ్లకు కాఫీలు కలపమన్నారు.

కాలువ గట్టున ఒక చెట్టు దగ్గర పెద్దాయన ఆగి చదివాడు. ఆ అమ్మాయి తనకొచ్చిన హిందీలో నాకు చెప్పింది: నేల అన్నయ్యది, చెట్టు చెల్లెలిది, ఫలానా ఆయన కూతురుది. తనే ఆ చెల్లెలు. వెళ్లి మానుమీద చెయ్యి వేసి వచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మనిషి ఆ కాగితంలో ఇంకా నాన్న కూతురే. నేను పాస్‌పోర్టులో, వీసాలో, బ్యాంకులో, ఆఖరికి గ్యాస్ బండ రసీదులో కూడా ఫలానావారి భార్యను.

ఊరుకోలేక వాదన వేసుకున్నాను. నేలొకరిదీ చెట్టొకరిదీ ఎలా అవుతుంది, చెట్టేమైనా గాల్లో మొలుస్తుందా అన్నాను. రేపు మీ అన్నయ్య నేల అమ్మేస్తే ఏం చేస్తావన్నాను.

"అమ్ముకోనీ," అంది. "కొన్నవాడు నా చెట్టుకు నీళ్లు పెడతాడు."

ఇంకో నాలుగు ప్రశ్నలు నా నాలుక చివరే ఉన్నాయి. మా ఆయన "ఇక ఖలాస్, పద," అని కారు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి ఆ చెట్టునే చూస్తూ ఆయన వెంట నడిచాను. ఆ పిల్ల చెయ్యి వేసిన చోట నా చెయ్యి కూడా వేయాలనిపించింది. వేస్తే మాత్రం అది నాదవుతుందా?

ఇంటికొచ్చి కాలింగ్ కార్డు గీకి తమ్ముడికి ఫోన్ చేశాను. నేలంతా నువ్వే తీసుకో, బావి దగ్గరి రసాల చెట్లు మాత్రం నావని రాయి, సంతకం పెట్టేస్తాను అన్నాను. వాడు నవ్వాడు. నీ చెట్లతో సహా నేల ఎవడు కొంటాడక్కా అన్నాడు. కొన్నవాడే నీళ్లు పెడతాడురా అన్నాను, పుట్టినప్పటి నుంచీ ఆ పద్ధతి నాదే అయినట్టు.

మరదలు ఫోన్ అందుకుంది. "వేళ్లతో సహా పెకలించి ఓడెక్కిస్తాం వదినా, అక్కడే ఇసుకలో నాటుకోండి," అంది.

దాని నోటికి తగ్గ మాట అనేలోగా తమ్ముడు మళ్లీ లైన్లోకి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"అక్కా, ఆ చెట్లు లేవు. రోడ్డు వేయడానికని పోయిన నెలే కొట్టించాం."

"నా సంతకం కాకుండానే?"

"నువ్వెలాగూ పెడతావు కదా అనీ..."

నాకు ఏడుపు రాలేదు. ఆ లోకల్ పిల్లను అడగకుండా ఆ చెట్టు మట్ట ఒక్కటి కోయగలడా వాళ్లన్నయ్య?  

"అయితే చెట్లొద్దులేరా. నేలలోనే నా భాగం కొలిపించు," అన్నాను. "కూతురని రాయించు. భార్య అని కాదు."

వాడు రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి మరదలితో ఏదో గొణుగుతున్నాడు. ఇవతల మా ఆయన ఫోన్ పెట్టెయ్యమని సైగ చేస్తున్నాడు. నేను పెట్టలేదు. చెప్పరా, వింటున్నాను అన్నాను.