చైనా మాస్టారు నన్ను నిలబెట్టిన మిద్దె

మా చిన్నప్పుడు... బహ్రెయిన్‌లో, గుదైబియాలో మేముండే బిల్డింగు మిద్దె మీద, సాయంత్రం అయిదయ్యేసరికి నేను మోకాళ్లు వంచి, గంగాళాన్ని కావలించుకున్నట్టు చేతులు చాచి, కదలకుండా నిలబడేదాన్ని. తొడలు వణికేవి. ఏడుపొచ్చేది. అయినా ఆపేదాన్ని కాదు...

నిలబెట్టింది మా కింది అంతస్తులో ఉండే చైనా మాస్టారు. పగలు సనాబిస్‌లో ఫర్నిచర్ దుకాణంలో వడ్రంగం, సాయంత్రం మిద్దె మీద తైచీ అనే వాళ్ల దేశపు యుద్ధవిద్య. అరవై దాటి ఉంటాయి. ఎగరడాలు, కేకలు ఏమీ లేవు. ముందు నిలబడడం రావాలి, తర్వాతే కదలడం... అదీ ఆయన పద్ధతి. ఆయన్ని వాళ్ల గురువు ఏడాది పాటు నిలబెట్టాడట. వాళ్ల ఊళ్లో ఈ విద్య వద్దని కట్టడి చేసినప్పుడు ధాన్యం కొట్లో తలుపేసుకుని నిలబడ్డారట. ఇదంతా వచ్చీరాని హిందీలో, నవ్వుతూ చెప్పేవారు.

బడిలో నన్ను ‘పుల్ల’ అని తోసేసేవాళ్లు. నేను పడిపోయేదాన్ని. ఇది నేర్చుకుంటే ఇక పడనని నా ఆశ... అమ్మకు మాత్రం ఆడుకోవడానికి వెళ్తున్నానని చెప్పేదాన్ని.

మూడు వారాలయ్యాక ఒకరోజు అమ్మ దోసెలు పోస్తూ, నన్ను పిలవడానికి అట్లకాడతోనే పైకొచ్చింది. కరీంనగర్ బడిలో చదివిన మా అమ్మకు నన్నలా చూడగానే తట్టింది ఒకటే... గోడకుర్చీ!

"ఏందయ్యా ఇది! నా బిడ్డ ఏం తప్పు జేసిందని గోడకుర్చీ ఏపిస్తున్నవ్? మేం గూడ దెబ్బ ఎయ్యం దాన్ని!"

మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అట్లకాడ మాత్రం బాగా అర్థమైంది. రెండడుగులు వెనక్కి వేశారు.

"శిక్ష కాదమ్మా, నేర్చుకుంటున్న" అన్నాను.

"నిలవడుడు గూడ నేర్సుకుంటరా? ఖలాస్... రేపటి సంది మిద్దె ఎక్కేది లేదు" అని భుజం పట్టి లాగింది. అంతే, దబ్బున పడ్డాను. మూడు వారాల విద్య ఒక్క లాగుడుకు ఆగలేదు!

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ లేచి మళ్లీ మోకాళ్లు వంచాను. అమ్మ మళ్లీ లాగింది. మళ్లీ పడ్డాను, మళ్లీ నిలబడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. "నేను రాను" అన్నాను... అమ్మకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. మాస్టారు నా పక్కకొచ్చి తనూ అలాగే నిలబడ్డారు.

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొంగుతో నా మోచెయ్యి తుడిచింది. బొక్కెన బోర్లించి దానిమీద కూర్చుంది.

"పది నిమిషాలే. నేనీడనే కూసుంట."

కింద దోసె మాడి బొగ్గయింది. తర్వాత ఆరేళ్లు రోజూ అలాగే వచ్చి కూర్చుంది మా అమ్మ.

దుకాణం మూసేశాక మాస్టారు వాళ్ల దేశం వెళ్లిపోయారు. ఆయన ఫొటో ఒక్కటీ నా దగ్గర లేదు. ఆయన బెల్టు ఇవ్వలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇప్పుడు అవి ఇవ్వని చోట పిల్లల్ని ఎవరూ చేర్చరు. మిద్దెలన్నిటికీ తాళాలు.

ఇప్పుడు నేనుండేది బహ్రెయిన్‌లోనే, అరాద్‌లో. రోజూ సముద్రం ఒడ్డున నిలబడతాను. "ఈ వయసులో ఏంటండీ ఇది?" అని నవ్వుతారు. నవ్వుకోనీ...

ఎవరెంత వద్దన్నా చిన్నప్పుడు మీరు మొండిగా పట్టుకున్నదేమిటో కింద రాయండి. మధ్యలో వదిలేసినవాళ్లూ రాయండి... మళ్లీ మొదలుపెట్టే వయసు దాటిపోయిందని మీతో ఎవరైనా అంటే, వాళ్లను నా దగ్గరికి పంపండి.