నా కొడుక్కి పాలిచ్చిన యారాలు

మొన్న హనుమకొండలో మనవరాలు ప్రసవించిందని కబురొస్తే, మోకాళ్ళ నొప్పిని కూడా లెక్కచేయకుండా దవాఖానకు వెళ్ళాను. తీరా వెళ్ళాక, ముత్తవ్వనయ్యానన్న సంతోషం కంటే ముందు నాలో లేచింది ఈర్ష్య. నవ్వకండి, నా ఈడు వాళ్ళెవరైనా ఆ గదిలో ఉండి ఉంటే నా మాట ఒప్పుకునేవారు.

మంచం పక్కన స్టూలు వేసుకొని ఒక నర్సమ్మ కూర్చుంది. పాలు రావడం లేదని మా పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటే విసుక్కోకుండా వీపు నిమురుతూ, మొదట్లో అందరికీ కొద్దిగానే వస్తాయని, పాప తాగేకొద్దీ ఊరతాయని చెప్పి, పసిదాని నోరు ఎట్లా పట్టించాలో చూపించి, మనవరాలి భర్తను పిలిచి నడుము వెనుక దిండు పెట్టించింది. డబ్బా పాలు తెప్పిద్దామా అని మనవరాలి అత్తగారు అనబోతే, "అమ్మా, జర ఆ మాట ఆమె ముంగట అనకుండ్రి. ఫికర్ పెట్టుకుంటే వచ్చే పాలు గూడ ఆగుతయి" అని మెత్తగా ఆపింది. ఆవిడ సరేనని తలూపి పసిదాని పొత్తిగుడ్డ సర్దింది. నాకు ఈర్ష్య పుట్టింది అది చూసే. మా రోజుల్లో మా అత్తను అట్లా ఆపగలిగిన వాళ్ళెవరైనా ఉన్నారా?

ఉంది, ఒక్కతే. ఆమె మీదే నాకు అందరికంటే ఎక్కువ ఈర్ష్య ఉండేది.

ఖిలా వరంగల్ దగ్గర మాది నేత ఇల్లు. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళం రాట్నాల ముందు నూలు కండెలు చుట్టుతూ ఉండేవాళ్ళం. నా పెద్దకొడుకు పుట్టడానికి కాస్త ముందే మా యారాలికి, అంటే మా బావగారి భార్యకు, రెండో కాన్పు అయింది. ఆమెకు పాలు పొంగి పొర్లేవి. నాకు సరిగ్గా పడలేదు. ఇంటికి వచ్చిపోయే ప్రతి మనిషితోనూ మా అత్త, "పెద్దదానికి చెరువు లెక్క ఉన్నయి, చిన్నదానికి చెలిమంత గూడ లేవు" అనేది. పిల్లవాడు ఏడవగానే నా ఒళ్ళోంచి తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టేది, వాడు వెంటనే ఊరుకునేవాడు.

ఆ ఊరుకోవడమే నేను భరించలేకపోయేదాన్ని. రాట్నం ఆపి, గోడ అవతల వాడు వేసే గుటకలు వినేదాన్ని. ఆమె కలుపుకునే ముద్ద మీద, కొప్పు మీద, రవిక తడిసిందని విసుక్కుంటూ మార్చుకోవడం మీద కూడా నాకు కుళ్ళే. రాను రాను వాడు నా దగ్గర మూతి తిప్పేసుకొని, ఆమె గొంతు వినబడితే చాలు అటు చూడడం మొదలుపెట్టాడు. అది గమనించిన పూట నాకు అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం అత్త ఎప్పటిలాగే పిల్లవాణ్ణి తీసుకుపోతే, యారాలు ఒడి పట్టలేదు. "నేనియ్యనత్తా" అంది. మగ్గాల చప్పుడు కూడా ఆగింది. పాల దగ్గర కూడా పిసినారితనమా అని అత్త తిట్టిపోసింది, నేనూ అదే అనుకున్నాను. ఆమె మాత్రం పిల్లవాణ్ణి ఎత్తుకొని నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గోడకు ఆనుకొని కూర్చొని నన్ను తన మీదికి వాల్చుకుంది.

"ముందుగాల నీ దగ్గర తాగాలె. ఇంక ఏడిస్తే అప్పుడు నేనిస్త. వాడు గుంజితెనే గదనే నీకు పడేది, ఊకె నా దగ్గరికి తెస్తే ఎట్ల పడతయి?"

నాకు లేవక్కా అని ఏడ్చాను.

"నా పెద్దపిల్లప్పుడు నాకు గూడ లేవనే అన్నది అత్త. నేను నమ్మిన. మేకపాలు పోసి పెంచిన దాన్ని. అప్పుడు నా పక్కన ఎవ్వలు కూసోలే."

ఆమెకు కూడా ఒకప్పుడు ఆ మాట పడిందని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పటినుంచి పిల్లవాడు లేచినప్పుడల్లా వచ్చి నా వెనుక కూర్చునేది. నా వంతు కండెలు కూడా తనే చుట్టింది. అత్త ఆమెతో మాట మానేసి, ఆమె వండిన కూర ముట్టనని అలిగి కూర్చున్నా లొంగలేదు. మొదట్లో వాడు గింజుకున్నాడు, తర్వాత తర్వాత పట్టాడు. ఒక పొద్దున నా రవిక తడిసిపోతే నేను పరుగెత్తి చెప్పింది మా ఆయనకు కాదు, ఆమెకే. "ఇగ నా నౌకరీ పోయినట్టే" అని ఆమె పకపకా నవ్వింది.

అయినా ఈర్ష్య పోయిందనుకున్నారా? పెద్దయ్యాక కూడా నా కొడుకు ఏ శుభవార్తయినా మొదట పెద్దమ్మకే చెప్పేవాడు. పోయిన ఏడు ఆమె కాలం చేస్తే, తల నెరిసిన మనిషి, ఆమె కాళ్ళ దగ్గర చిన్నపిల్లవాడిలా కుమిలిపోతుంటే, నేను గోడ వారగా నిలబడి, నేను పోయిననాడు వీడు ఇంతగా ఏడుస్తాడా అనుకున్నాను. అట్లా అనుకుంటూనే నేనూ ఏడ్చాను.

ఇప్పుడు మంచి మార్పే వచ్చింది, కాదనను. బాలింత పక్కన కూర్చొని నీకు పాలొస్తాయమ్మా అని చెప్పడానికి దవాఖానలో ఒక మనిషి ఉంది. ఆ మాట అన్నందుకు ఆమెను ఎవరూ తిట్టరు, ఆమె వండిన కూర ముట్టనని ఎవరూ అలగరు. మా కాలంలో ఒక ఆడది ఇంకో ఆడదానికి ఆ ధైర్యం చెప్పాలంటే, ముందు ఆ ఇంట్లో తాను చెడ్డది కావలసి వచ్చేది.