ఒక్క కంట్లో ఊరందరి చుక్కలు

1984 జనవరి చివర్లో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలానికి డెప్యుటేషన్ మీద పంపారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్, అంటే ప్రభుత్వ వైద్యుల నిచ్చెనలో అట్టడుగు మెట్టు. కంటి వైద్యంలో డిప్లొమా ఉంది కాబట్టి, అడవి పక్కన వేస్తే అడ్డం చెప్పే మొగుడు ఇంకా లేడు కాబట్టి ఆ పని నాకు తగిలిందని మా సూపరింటెండెంట్ గారు దాచకుండానే చెప్పారు.

పని ఏమిటంటే, ఒక కంటి చుక్కల మందు మీద పరిశోధన. శుక్లం మొదలైన కంట్లో ఆ చుక్కలు రెండుపూటలా వేస్తే పొర ముదరకుండా ఆగుతుందా అన్నది ప్రశ్న. హైదరాబాదులోని ఒక ప్రొఫెసర్ గారు దీనికి పెద్ద. కొన్ని సీసాల్లో మందు, కొన్నిట్లో ఉత్త ఉప్పునీళ్లు. పైకి రెండూ ఒకటే. ఏ సీసాలో ఏముందో రోగికి తెలియదు, కళ్లు పరీక్షించే నాకూ తెలియదు. తెలిస్తే మనసు ఫలితాన్ని తనకు నచ్చిన వైపు లాక్కుంటుందని ఆ ఏర్పాటు. రోగి మందు వేసుకుంటున్నాడో లేదో చూడటానికి నెలనెలా సీసాలు వెనక్కి తీసుకుని తూకం వేయాలి. మిగిలిన మందును బట్టి ఎన్ని పూటలు ఎగ్గొట్టాడో తేలుతుంది.

నిబంధనలు చాలా ఉన్నాయి గానీ, ఈ కథకు కావలసినవి రెండే. ఒక కన్ను పూర్తిగా పోయినవాళ్లను పరిశోధనలోకి తీసుకోకూడదు. తీసుకున్నవాళ్లకు అది ముగిసేదాకా ఆపరేషన్ చేయకూడదు.

నాకిచ్చిన ఊళ్లలో ఒకటి వాగు అవతలి కోయ గూడెం. ఊరిపెద్ద లక్ష్మయ్య. గూడెం జనం మాతో తెలుగులో మాట్లాడేవారు, తమలో తాము కోయలో మాట్లాడుకునేవారు. రోగుల్ని ఎంచుకున్న రోజున వరుసలో ముత్తమ్మ అనే ముసలామె నిలబడింది. ఆ చుట్టుపక్కల ఆమే మంత్రసాని. చిన్నప్పుడు ముల్లు దిగి ఒక కన్ను పోయింది. ఉన్న కంట్లో శుక్లం బాగా ముదిరింది. మొహం ముందు చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది, అంతే. నీకు చుక్కలు కాదు, ఆపరేషన్ కావాలి అన్నాను. ఉన్నది ఒక్కటే కన్ను, కత్తి తప్పితే ఏంది గతి అని ఆమె అడిగింది. చుక్కలే ఇమ్మంది. నిబంధన ఒప్పుకోదని వరుసలోంచి పక్కకు పంపాను.

లక్ష్మయ్య నన్ను వాగు దాకా సాగనంపుతూ తన గోడు చెప్పుకున్నాడు. కూతురు సీతకు మూడో నెల, తొలిచూలు. కాన్పు వానల్లో వస్తుంది. వాగు పొంగితే జీపు రాదు, తెప్ప ఆగదు.

"ముత్తమ్మకు కండ్లు లేకుంటే నా బిడ్డకు దిక్కెవరు డాక్టరమ్మా?"

పరిశోధన కాగితాల్లో అలాంటి ప్రశ్నకు గడి లేదు.

ఆ తర్వాతి నెలల్లో సీసాలు తిరిగిరావడం మొదలైంది. సగం ఊళ్లలో మందు వాడకం దండగ. ఒకాయన దూడ కళ్లకు వేశాడు. ఇంకో ఊళ్లో పందెంకోడికి చురుకైన చూపు రావాలని వేశారట. కోడి ఓడిపోయింది కాబట్టి ఆ సీసాలో మందు దమ్ములేనిదని ఊరంతా తీర్మానించింది. గూడెం సీసాలు మాత్రం తుడిచి ఎండబెట్టినట్టు వచ్చేవి. చుక్క మిగలదు. ఇలాంటి క్రమశిక్షణ తన సర్వీసులో చూడలేదని ప్రొఫెసర్ గారు కబురు పంపారు. నేను మురిసిపోయాను. అంత శ్రద్ధగా వేసుకుంటున్నా ఒక్కరి పొరలోనూ తేడా లేదేమిటని మాత్రం లోపల గుచ్చుకుంటూ ఉండేది.

మే నెలలో ఒకసారి జీపు చెడిపోయి ఆ దగ్గర్లోని బడిలో పడుకోవలసి వచ్చింది. పొద్దున్నే నడిచి గూడెం చేరాను. చెప్పకుండా వెళ్లడం అదే మొదలు. ముత్తమ్మ గుడిసె ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నేను ఎంచుకున్న రోగులంతా, చూపు మందగించినవాళ్లు కాబట్టి ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చేతిలో సీసాతో ముందుకు జరుగుతున్నారు. ఒక్కొక్కరూ వంగడం, ఆమె కంట్లో చుక్క వెయ్యడం, పక్కకు తప్పుకోవడం. గురి కుదరక కొన్ని ముక్కులో, కొన్ని చెవిలో పడుతున్నాయి. దిండు తడిసి ముద్దయింది. చెవిలో వేసినవాణ్ని ముత్తమ్మ కోయలో తిడుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలల పరిశోధన ఆ దిండులో ఇంకిపోయింది. ఇదేం పని అని లక్ష్మయ్య మీద అరిచాను. అతను నన్నే వింతగా చూశాడు.

"వేటల దుప్పి పడితే ఇంటింటికి పంచుతం. గీ మందెట్ల పంచేది? గందుకే అక్కెర ఉన్నకాడ పోస్తున్నం. ఒక్క పూట గూడ తప్పలే."

అది నిజమే. ఒక్క పూట కూడా తప్పలేదు.

ప్రొఫెసర్ గారికి చెప్పక తప్పలేదు. ఆయన కారులో దిగి, గూడెంలో కుర్చీ వేసుకుని, ముత్తమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆలోచనలో పడ్డారు. ఆయన చిక్కు చిన్నది కాదు. ముత్తమ్మ పరిశోధనలో ఉన్నట్టా, లేనట్టా? లేదంటే ఆ సీసాలన్నీ దండగ, గూడెం మొత్తాన్నీ కొట్టెయ్యాలి. ఉందంటే ఆపరేషన్‌కు వీల్లేదు. పైగా మందూ ఉప్పునీళ్లూ కలిపి వేసుకున్న రోగిని ఏ జట్టులో పెట్టాలి? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి, ఇంత మందు పడ్డా కన్ను ఎర్రబడలేదు కాబట్టి మందు హాని చెయ్యదని తేలిందని, ఇంకొన్నాళ్లు ఇలాగే వెయ్యనివ్వమని సెలవిచ్చారు.

వానలు ముంచుకొస్తున్నాయి. ఆ పొర చుక్కలకు కరిగేది కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె పేరు మన కాగితాల్లో ఎక్కడా లేదు సార్, లేని మనిషికి మీ నిబంధన వర్తించదు, నేను ఆపరేషన్ చేస్తాను అన్నాను. ఆయన నా మొహం చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, అది నీ ఆసుపత్రి వ్యవహారం, నేను వినలేదు అన్నారు. ఇప్పటికీ ఆ మాటకు ఆయనంటే నాకు గౌరవం.

ముత్తమ్మ ఒప్పుకోలేదు. ఊరంతా తమ కళ్లు కాదని తన కంట్లో పోస్తుంటే, అది పనికిరాదని కత్తి కిందికి ఎలా పోయేదంటుంది. ఇక లాభం లేదని, కొన్ని సీసాల్లో ఉన్నవి ఉప్పునీళ్లేనని చెప్పేశాను. ఏ సీసాలో మందుందని లక్ష్మయ్య అడిగాడు. నాకు తెలియదన్నాను.

"మాకు తెల్వదు, మీకు తెల్వదు. మరి ఇచ్చుడెందుకు?"

పరిశోధన పద్ధతి గురించి నేను చదివిన పాఠమంతా చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. ముత్తమ్మ మాత్రం పకపకా నవ్వింది. నవ్వి, నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"బిడ్డ అడ్డం తిరిగితే పసరు పోసుకుంట కూసోను. చెయ్యి పెడత. గంతే. నీ చెయ్యి వణుకుతదా బిడ్డా?"

వణకదన్నాను.

"నాకు కనబడదు గద. నా చేతుల పెట్టు."

పెట్టాను. రెండు చేతుల మధ్య ఇరికించుకుని కళ్లు మూసుకుంది. ఏ పరీక్షలోనూ నాకు అంత భయం వెయ్యలేదు. కాసేపటికి వదిలేసి, జీపెప్పుడొస్తుందని అడిగింది.

ఆపరేషన్ రోజున గూడెమంతా సీసాలతో సహా భద్రాచలం ఆసుపత్రి వరండాలో దిగింది. పూట తప్పకూడదని వాళ్ల పట్టు. లోపలికి రానిచ్చేది లేదని స్టాఫ్ నర్సు పట్టు. శుక్లం తీసే ముందు కంటిపాప పెద్దది కావడానికి మేమూ చుక్కలే వేస్తాం. నర్సు ఆ చుక్కలు వెయ్యడం కిటికీలోంచి చూసి లక్ష్మయ్య శాంతించాడు. పెద్ద దవాఖానల గూడ మన మందే ఏస్తున్రని తనవాళ్లకు చెప్పాడు. నేను కాదనలేదు. ఆపరేషన్‌లో నా చెయ్యి వణకలేదు. కట్టు విప్పాక ముత్తమ్మ ముందుగా నన్ను చూసి, ఇంత చిన్నపిల్లవని తెలిస్తే రాకపోదును అంది. ఆ తర్వాత సీసా అడుగంత మందం కళ్లద్దాలు ఇచ్చాం.

జూలై చివర్లో వాగు పొంగింది. తగ్గాక లక్ష్మయ్య కబురు తెచ్చాడు. సీతకు బిడ్డ కాళ్లు ముందుగా వచ్చాయట. ముత్తమ్మ అద్దాలు జారకుండా తాడుతో తలకు కట్టించుకుని, దీపం దగ్గర పెట్టించుకుని, చెయ్యి పెట్టి తీసిందట. ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం. నేను కన్నీళ్లు పెట్టుకున్నాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. చుక్కలు బాగా పనిచేశాయి, ఇంకో విడత పంపమని కూడా లక్ష్మయ్య అడిగాడు.

మందు వల్ల గుణం లేదని పరిశోధన తేల్చింది. నివేదికలో ముత్తమ్మ ఊసే లేకుండా, ఆ గూడెం ఎదురుగా, వాడకం సంపూర్ణం, ఫలితం శూన్యం అని రాశారు. గూడెంలో మాత్రం ఆ చుక్కలంత మంచి మందు లేదని చాలాకాలం చెప్పుకున్నారు.

తర్వాత నా ఉద్యోగంలో ఇలాంటి పరిశోధనలు మరికొన్ని చేశాను. సీసా ఖాళీ అయిందా అని అడగడం మానేశాను. ఎవరి కంట్లో ఖాళీ అయింది అని అడిగేదాన్ని.