మిరపకాయల గోదాం లేని సినిమా

ఆ సినిమా పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనభైల్లో మాట. పాత నలుపు తెలుపు హాస్య చిత్రమొకదాన్ని హాలీవుడ్ వాళ్ళు రంగుల్లో మళ్ళీ తీశారు. ఎవడడిగాడు వాళ్ళని? అది చీరాలకి ఒకే ఒక్క ఆటకి వచ్చింది, ఆదివారం పొద్దున. మావైపు ఇంగ్లీషు సినిమాకి అంతకంటే మర్యాద ఉండేది కాదు.

నాన్నని నేనే తీసుకెళ్ళాను. సంఘపెద్ద ఆయన. ఊహ తెలిసినప్పటినుంచి ఆదివారం ఆరాధన మానడం నేను చూడలేదు. ఆ కథని మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చూడాలని ఉందన్నాడు, అంతే. ఎందుకని నేను అడగలేదు. మోకాళ్ళ నొప్పులతో బాల్కనీ మెట్లు రెండుచోట్ల ఆగి ఎక్కాడు. పాస్టరుగారికి ఏం చెప్పాలో అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

ఆ కథకీ మాకూ ఉన్న సంబంధం చెప్పాలి. నాన్న మిషన్ స్కూల్లో టీచరుగా ఉన్న రోజుల్లో ఒక దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ప్రొజెక్టరునీ, ఆ పాత సినిమా డబ్బాల్నీ స్కూలుకి ఇచ్చి వెళ్ళింది. చుట్టుపక్కల పల్లెల్లో దుప్పటి కట్టి నాన్న దాన్ని ఆడించేవాడు. మాటలన్నీ ఇంగ్లీషు. అందుకని తెర పక్కన నిలబడి కథంతా తెలుగులో ఆయనే చెప్పేవాడు. పత్తి ఏరి వచ్చినవాళ్ళు, మిరపకాయలు కోసి వచ్చినవాళ్ళు చేతులైనా కడుక్కోకుండా వచ్చి కూర్చునేవాళ్ళు.

కథ చిన్నదే. ఒక బ్యాంకు గుమాస్తా తన పెళ్ళిరోజున పొరపాటున ఒక దొంగవాడి కోటు తొడుక్కుంటాడు. పోలీసులు వెంటపడతారు. చివరికి ఒళ్ళంతా దుమ్ముతో చర్చిలోకి వచ్చిపడితే పెళ్ళికూతురు ముందు చెంప పగలగొట్టి తర్వాత ఉంగరం తొడిగించుకుంటుంది. ఈ మధ్యలో ఉంది అసలు సంగతి. వాడు మిరపకాయల గోదాంలో దూరి టిక్కీల సందున, అదే ఆ మిరప బస్తాల మధ్యన, నక్కుతాడు. పోలీసులూ దూరతారు. ఇక తుమ్ములే తుమ్ములు. బేడీలు వేద్దామని చెయ్యెత్తిన ప్రతివాడూ తుమ్ముతాడు. మా వాళ్ళు పొట్టలు పట్టుకుని దొర్లేవాళ్ళు. ఘాటంటే ఏమిటో వాళ్ళకి ఎవరైనా చెప్పాలా? గుమాస్తా ముక్కు ఎర్రగా పండిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

ఇక ఈ కొత్త వెధవ సినిమా. హీరో పడబోయే ముందే బాకాలు ఊదేవాళ్ళు, ఇప్పుడు నవ్వండర్రా అన్నట్టు. పాతాయన పడితే అయ్యో అనిపించి నవ్వొచ్చేది. వీడు పడి లేచి, మనవంక చూసి, తనే ముందు నవ్వుకుంటాడు. పాత గుమాస్తాకి భయం ఉంది. వీడికి పళ్ళున్నాయి. పావుగంటకో కారు తగలబెట్టారు. కారు తగలబడితే నవ్వు ఎందుకొస్తుందో నాకు తెలీదు.

అయినా ఓర్చుకున్నాను, గోదాం వస్తుంది కదా అని. ఇదిగో నాన్నా, ఇప్పుడే అని రెండుసార్లు మోచేత్తో పొడిచాను కూడా. ఆయన ముందుకి వంగి, కళ్ళార్పకుండా తెరవంకే చూస్తూ నా చెయ్యి తీసేశాడు. గుమాస్తా పరిగెత్తి పరిగెత్తి ఏదో పెద్ద హోటల్లో దూరాడు. గోదాం లేదు, టిక్కీల్లేవు, తుమ్ము లేదు. నాకు తిక్క రేగింది. మ్యాట్నీకి ఆలస్యమవుతుందని ఆపరేటర్లు ఓ రీలు ఎత్తేయడం ఆ రోజుల్లో మామూలే. నాన్న ప్రాణం పెట్టిన సీనే ఎత్తేస్తారా అని లేచి కిందికి దిగాను.

మేనేజరుని దులిపేశాను. అతను రీలేదీ తియ్యలేదని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. పిలిపిస్తే ఆపరేటరు బీడీ ఆర్పి వచ్చి అమ్మతోడని ఒట్టేశాడు. అమెరికాలో మిరపకాయల గోదాం ఎందుకుంటుంది మేడమ్ అని అడిగాడు. గుంటూరులో ఉంటే అమెరికాలో ఉండదా అన్నాను. పాత సినిమాలో గుమాస్తా ముక్కు మిరపపండులా ఎర్రబడ్డం నేను కళ్ళారా చూశానన్నాను. పాతది నలుపు తెలుపు అన్నారుగా, ఎరుపెలా కనపడిందండీ అన్నాడు ఆపరేటరు. సోడాలవాడు కిసుక్కున నవ్వాడు. నేను ఇంకా గొంతు పెంచాను.

అప్పుడు నాన్న మెట్లు దిగి వచ్చాడు, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే. అందరి ముందూ నిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"వాళ్ళననకమ్మా. గోదాం సినిమాలో లేదు. అది నేను కల్పించి చెప్పింది."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గొస్తే నాకు కోపం రెట్టింపవుతుంది, అదేం జబ్బో. మేనేజరుని వదిలి నాన్న మీద పడ్డాను. ఇన్నేళ్ళూ అంతమందికి అబద్ధం చెప్పావా, సంఘపెద్దవై ఉండి, అని ఆ వరండాలోనే కడిగేశాను. ఆయన తల దించుకుని విన్నాడు. ఒకటి రెండుసార్లు తలుపు వైపు చూశాడు. లోపల జనం పగలబడి నవ్వుతున్నారు. అయినా నేను ఆపలేదు. నా కోపం తీరి మేము లోపలికి వెళ్ళేసరికి తెరమీద చర్చి, పెళ్ళికూతురు, చెంపదెబ్బ. అది ఆయనకి కంఠతా వచ్చిన ముక్కే.

బస్టాండుకి నడుస్తుంటే అడిగాను, అసలెందుకు కల్పించావని. డబ్బాలు మూడుట. మధ్యది దొరసాని ఇచ్చేసరికే చెమ్మకి కుళ్ళి ముద్దయిపోయిందిట. మొదటిది అయిపోగానే మిషను వేడెక్కింది, చల్లారాలి అని చెప్పి దీపం ఆర్పేసి, ఆ చీకట్లో నాన్న గోదాం కథ చెప్పేవాడు. తుమ్ములన్నీ ఆయనవే. నేను బొమ్మలో చూశాననుకున్నదంతా చీకట్లో విన్నదే.

"మరి ఆ మధ్యలో నిజంగా ఏముంది?" అన్నాను.

"నాకూ తెలీదమ్మా. చిన్న పాపవి అప్పుడు నువ్వు. అప్పటినుంచీ తెలుసుకోవాలనే ఉంది. అదొక్కటి చూద్దామనే వచ్చాను."

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన మాత్రం నడుస్తూనే ఉన్నాడు.

"హోటలు వంటింట్లో దూరి వంటవాడి టోపీ పెట్టుకున్నాడు. అక్కడిదాకా చూశాను. నువ్వెంతకీ రాకపోయేసరికి, ఏమైందోనని లేచొచ్చాను."

ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. బస్సు వస్తోందని చెప్పి నన్ను తొందరపెట్టాడు.